సలేశ్వరం దారిలో మా నాయిన లెక్కలు

నల్లమల అడవి లోయలో ఉండే సలేశ్వరం లింగమయ్యను చూడాలంటే ముందు జీపు డ్రైవర్‌ను ప్రసన్నం చేసుకోవాలి. మన్ననూరులో పొద్దున ఆరున్నరకే బేరం మొదలైంది. తలకు ఐదు వందలు, పిల్లగాడికీ అంతే. "పదేళ్లోడు, ఒళ్లో కూర్చుంటాడు" అని మా తమ్ముడు అంటే, "ఒళ్లో కూర్చున్నా సీట్లో కూర్చున్నా గుంత గుంతే కదన్నా" అన్నాడు డ్రైవర్. దానికి మావాడి దగ్గర జవాబు లేదు. కొత్త కారును ఫరహాబాద్ గేటు లోపలి మట్టిదారిలో తిప్పేది లేదని హైదరాబాద్‌లోనే తేల్చేశాడు. కారును తెలిసినవాళ్ల ఇంటి ముందు వదిలి, తొమ్మిది మంది పట్టే జీపులో పద్నాలుగు మందిమి ఇరుక్కున్నాం.

2025 ఏప్రిల్, చైత్ర పౌర్ణమి. ఏడాదికి ఒక్కసారి, ఆ పున్నమి చుట్టూ ఉండే కొద్ది రోజులే ఈ దారి జనానికి తెరుస్తారు. మిగతా ఏడాదంతా అది పులుల అడవి. నాయిన పోయాక మేము ఇటు రావడం ఇదే మొదలు.

మా నాయిన ఆర్టీసీలో కండక్టర్. సర్వీసులో సగానికి పైగా అచ్చంపేట నుంచి శ్రీశైలం పోయే బస్సుల్లోనే గడిచింది. జాతర స్పెషల్ డ్యూటీ అంటే మిగతావాళ్లు కడుపునొప్పి అనో, చుట్టాల పెళ్లి అనో తప్పించుకునేవాళ్లు. ఆయన అడిగి మరీ వేయించుకునేవాడు. డ్యూటీ లేని రోజు మమ్మల్ని వెంటేసుకుని ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, లేదంటే మన్ననూరు దాటాక ఎక్కడో ఒక వాగు. సినిమాకు తీసుకుపొమ్మంటే "టికెట్ దండగ" అనేవాడు. అడవికి పోవడానికి మాత్రం అమ్మతో పులిహోర కలిపించి, జొన్నరొట్టెల్లోకి పల్లీల కారం కట్టించి, నా చెప్పులు తెగిపోతే ఆ పొద్దున్నే కొత్తవి కొని మరీ బయల్దేరదీసేవాడు.

ఇదే మనిషి కూరగాయల అంగట్లో అర్ధ రూపాయి కోసం పావుగంట నిలబడేవాడు. రోజూ రాత్రి డబ్బుల సంచీ బోర్లించి, చిల్లర వరుసలు పేర్చి లెక్క చూసుకునేవాడు. మా స్కూల్ నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి కుట్టి మళ్లీ మాకే రఫ్ బుక్కు చేసిచ్చేవాడు. పిసినారి అని మేనమామ మొహం మీదే అనేవాడు. అడవి చెక్‌పోస్ట్ దాటితే మాత్రం వేరే మనిషి. అక్కడ ఆయన దేనికీ లెక్క చూసుకోవడం మేం చూడలేదు.

ఫరహాబాద్ గేటు దాటి గంట కాకముందే జీపు ఆగిపోయింది. ఎదురుగా ఒక బస్సు, దాని ముక్కుకు ముక్కు పెట్టి ఒక డీసీఎం. రెండింటికీ వెనక్కి జరగడానికి చోటు లేదు, వెనక నుంచి బండ్లు వచ్చి చేరుతూనే ఉన్నాయి. దుమ్ము ఎర్రగా లేచి మనుషుల మీద, ఆకుల మీద, నీళ్ల బాటిళ్ల మీద సమానంగా పడుతోంది. ముందు జీపులో కుర్రాళ్లు స్పీకర్ పెట్టి డీజే పాటలు వాయిస్తున్నారు. పులి సంగతి దేవుడెరుగు, దరిదాపుల్లో కాకి కూడా లేదు. ఇరవై రూపాయల నీళ్ల బాటిల్ నలభైకి అమ్ముతున్నాడు ఒకతను. కొనే ముందు అందరూ తిట్టారు, తిట్టినాక అందరూ కొన్నారు. గేటు దగ్గర ప్లాస్టిక్ వద్దని బోర్డు ఉంది. ఆ ఖాళీ బాటిళ్లన్నీ ఎక్కడికి పోయాయో చూస్తూనే ఉన్నాను, చెప్పడానికే మనసొప్పడం లేదు.

మా మేనల్లుడికి ఫోన్లో సిగ్నల్ లేదు. "అత్తా, ఏముంది ఇక్కడ? అన్నీ ఎండిపోయినయి" అన్నాడు.

వాడన్నదీ నిజమే. ఏప్రిల్లో నల్లమల పచ్చగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లు మోసపోతారు. ఆకులన్నీ రాలి, వెదురు పసుపురంగుకు తిరిగి, బండలు సెగలు కక్కుతుంటాయి. నాయినకు మాత్రం ఈ నెలే ఇష్టం. ఆకు లేకపోతేనే చెట్టు ఎట్లుందో కనబడుతుందనేవాడు. నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది కదా, దాన్ని చేత్తో తడిమి చూపించి "ఇది ఎండకాలానికని కడుపులో నీళ్లు దాచుకుంటది" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. కథలు చెప్పడంలో ఆయన దిట్ట, కండక్టర్ ఉద్యోగంలో బతకాలంటే అదీ కావాలి కదా. 2024 మార్చిలో పాపికొండల అడవుల్లో కొండరెడ్లు చెప్పిన మాట విని, అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టు బెరడును కొంచెం కోస్తే కొళాయి తిప్పినట్టు నీళ్లు దూకాయి. ఆ వీడియో నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నాయిన పోయింది 2022లో. వెంటనే తమ్ముడికి పంపాను. వాడు గంట సేపటికి "చూసిన" అని ఒక్క మాట పెట్టాడు.

జీపు దిగి మేనల్లుణ్ని దారి పక్కనే ఉన్న ఒక నల్లమద్ది దగ్గరికి తీసుకుపోయాను. ఇదంతా చెబితే "మరి కోసి చూద్దామా?" అన్నాడు. వాళ్ల తాత అయితే ఆ మాటకు చెవి మెలిపెట్టేవాడు. మా జీపులోనే దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. ఎక్కిందగ్గర్నుంచీ మోకాళ్ల గురించీ, రానన్న కొడుకు గురించీ, ఏం తెచ్చినా మూతిముడిచే కోడలి గురించీ చెబుతూనే ఉంది. ఆమె కొంగులోంచి నాలుగు తునికిపండ్లు తీసి వాడి చేతిలో పెట్టింది. "కాయ కాదు బిడ్డా, పండే. గింజ ఉమ్మెయ్." వాడు అనుమానంగా కొరికి, తర్వాత ఇంకో రెండు అడిగాడు. తునికిపండ్లు మా ఇంటికి కూడా ఇట్లాగే వచ్చేవి, టికెట్ల సంచీలో చిల్లర పక్కన. సగం నలిగి, నాణేల వాసన పట్టి. అమ్మ కడుక్కుని తినమనేది, మేం ఆగేవాళ్లమా!

జామ్ రెండు గంటలకు గానీ వీడలేదు. ఎవరు విడదీశారంటే పోలీసులు కాదు, ఆ ఆర్టీసీ బస్సు కండక్టరే. చెమటలు కక్కుతూ, చేతులూపుతూ ఒక్కో బండినీ పక్కకు తీయించాడు. చూడగానే ఆయన మీద లేనిపోని చుట్టరికం పుట్టుకొచ్చింది. అందరూ "రైట్ రైట్" అంటుంటే తమ్ముడు అటు తిరిగి నిలబడ్డాడు.

చెంచు గిరిజనుల గూడెం రాంపూర్ పెంట దాటాక బండ్లు ఆగిపోతాయి. ఇక కాలినడకే. "వస్తున్నాం లింగమయ్యా" అని కేకలు వేస్తూ జనం బారులు. ఎదురొచ్చేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. నాయిన వాళ్లది లింగాల వైపు. చిన్నప్పుడు ఆయన వాళ్ల నాయినతో అటు నుంచి కొండలెక్కి దిగి నడిచి వచ్చేవాడట, సద్దిమూట నెత్తిన పెట్టుకుని. ఫరహాబాద్ వైపు నుంచి బండ్లలో వచ్చేవాళ్లను ఆయన సగం భక్తులుగానే లెక్కేసేవాడు, తన బస్సులో వచ్చినవాళ్లను కూడా.

లోయలోకి దిగే చోట దారి సన్నగా ఉంటుంది. ఒక పక్క బండ, రెండో పక్క ఏమీ ఉండదు. ఇక్కడే నాయిన పద్ధతి గుర్తొస్తుంది. మాతో ఎంత దూరం నడిచినా ఆయన ఎప్పుడూ అందరికన్నా వెనకే. ముందు మేనమామ, నడుమ మేమూ అమ్మా, చివర ఆయన. ఎవరికైనా కాలు నొప్పి పుట్టినా, చెప్పులో ముల్లు దిగినా వెనక నుంచి "హోల్డాన్!" అని అరిచేవాడు. వరుసంతా ఆగేది. ముల్లు తీసి, నీళ్లు తాగించి, మళ్లీ "రైట్ రైట్". కొత్తవాళ్లెవరైనా మా వెనక నడుస్తుంటే బస్సు ఆగిందనుకుని నవ్వేవాళ్లు. ఆసుపత్రిలో చివరి వారం కూడా, కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ, "ఆ మూలకున్నది కానుగేనా?" అని అడిగాడు. కానుగే. "మరి నీడన బండి పెట్టిండ్రా లేదా?" అన్నది తర్వాతి ప్రశ్న.

తమ్ముడు ఈసారి తనే వెనక ఉంటానన్నాడు. కాసేపటికే వాడి కొడుకు పరుగున ముందుకు పోయాడు, కొడుకు వెనక తండ్రీ పరుగెత్తాడు. చివరికి వెనక మిగిలింది నేనూ, దేవరకొండ పెద్దమ్మ మోకాళ్లూ.

కింద గుహ, లింగం, పూజ చేసే చెంచులు, పైనుంచి పడే నీళ్లు. ఆ ఎండలో ఆ నీళ్లు ఎముకల్ని కొరికేంత చల్లగా ఉన్నాయి. అరనిమిషం తడిశాం, ఇంకో అరనిమిషం కోసం జనం తోసుకుంటున్నారు. దర్శనం గురించి ఇంతకన్నా రాయడానికి లేదు. తోపులాటలో దేవుడి కన్నా ముందువాళ్ల వీపులే ఎక్కువ కనిపించాయి.

పైకి ఎక్కాక, ఒక చెంచు అవ్వ చెట్టు కింద తేనె సీసాలు పెట్టుకుని కూర్చుంది. మందు సీసాలే, శుభ్రంగా కడిగినవి. సీసా ఆరు వందలు. తమ్ముడికి నాయిన అంగడి బుద్ధి వచ్చింది, మూడు వందలకు అడిగాడు. ఆమె వాడి వైపు చూడకుండానే, "ఎక్కువైతే నువ్వే తాడు కట్టుకుని బండ దిగు" అంది. పక్కనున్నవాళ్లంతా నవ్వారు.

బండకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకోవడానికి చెంచులు బావమరిదినే నమ్ముతారట, అక్కచెల్లెల్ని విధవను చేసుకోడని. ఇది మాకు నాయిన చెప్పిందే. చెప్పినప్పుడల్లా మేనమామ వైపు తిరిగి, "నీ చేతికిస్తే నా పని అయిపోయినట్టే" అనేవాడు. మేనమామ ఊరుకుంటాడా, "నీలాంటి పిసినారికి తాడు కూడా కొత్తది కొనరు" అనేవాడు. పొట్టచెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం.

ఆ నాయిన, అర్ధ రూపాయికి పావుగంట నిలబడే నాయిన, చెంచుల దగ్గర ఒక్కసారి కూడా బేరమాడలేదు. అడిగినంతా ఇచ్చేవాడు. నేను ఆరు వందలూ ఇచ్చి సీసా తీసుకున్నాను. తమ్ముడు గొణుక్కుంటూ నడిచాడు.

తిరుగు ప్రయాణంలో జీపు డ్రైవర్ ఇంకో వంద ఎక్కువ అడిగాడు, జామ్‌లో డీజిల్ కాలిందట. ఇంజిన్ ఆపేసి సీటు మీద నిద్రపోయినవాడికి డీజిల్ ఎట్లా కాలిందో లింగమయ్యకే తెలియాలి. ఇచ్చాం. మన్ననూరు చేరేసరికి ఏడు దాటింది. రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తారని అటు శ్రీశైలం పోయే కార్లు పరుగులు పెడుతున్నాయి. మేము ఇటు అచ్చంపేటకు, అమ్మ దగ్గరికి.

అమ్మ సీసా మూత తీసి వేలు ముంచి నాకింది. మంచిదే అంది. ఎంత అని అడిగింది. ఆరు వందలని చెప్పాను.

"మీ నాయినైతే మూడు వందలకే తెచ్చిన అనేటోడు."

ఆయన బేరమే ఆడడు కదమ్మా అన్నాను.

"ఆడడని నాకు తెల్వదా? నాకెప్పుడూ సగం ధరనే చెప్పేటోడు. మిగతా సగానికి రెండు వారాలు బస్టాండ్ల చాయ్ తాగకుండ ఇంటికొచ్చి అడుక్కునేటోడు. తేనె తెచ్చినప్పుడల్లా నేను చాయ్‌పత్తి ఎక్కువ తెప్పించి పెట్టేదాన్ని."

తమ్ముడు అప్పటికి గొణగడం ఆపేశాడు. ఆ మూడు వందల సంగతి అమ్మకు చెప్పొద్దని నా వైపు చూసి తల ఊపాడు. మేనల్లుడు అప్పటికే చెప్పేశాడు.