లాడ్ బజార్ సాయంత్రం: నీడల్లో నలుపు వద్దు

పొద్దు గుంకాక ఓ ఇరవై నిమిషాలకు చార్మినార్ వెనక ఆకాశం ఇంకా నీలంగానే ఉంటుంది, లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో మాత్రం అప్పటికే లైట్లు వెలిగిపోతాయి. సాఫ్ట్ పేస్టల్స్‌తో, అంటే సుద్దముక్కల్లాంటి పొడి రంగులతో, వీధి బొమ్మ వేసేవాళ్లకు ఇంతకన్నా మంచి వేళ దొరకదు. పైన చల్లటి నీలం, కింద వెచ్చటి పసుపు. బొమ్మలో పలకాల్సిన భావమంతా ఆ రెండూ కలిసే చోటే ఉంటుంది.

కాగితం తెల్లది వద్దు. 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు 160 గ్రాముల బరువున్న) పేస్టల్ పేపర్, బూడిద రంగుదో మట్టి రంగుదో తీసుకోండి. తెల్ల కాగితం మీద ప్రతి రంగూ ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి దీపం పక్కన ఎంత చీకటి కావాలో అంచనా తప్పుతుంది. కళ్లు చికిలించి చూసి, సన్న బొగ్గుపుల్లతో మూడు భాగాలే గీయండి: ఆకాశం, దుకాణాల వరస, నేల. మినార్ల మీది గచ్చు నగిషీ జోలికి పోవద్దు, ఆ వెలుతురులో కనిపించేది కట్టడం ఆకారమే.

ముందు నీడలు. పేస్టల్ ముక్కను పడుకోబెట్టి ఇండిగో, దాని మీద పల్చగా వంకాయ రంగు. నలుపు పెడితే పక్కనున్న పసుపు మురికి పట్టినట్టవుతుంది, వీధంతా మసిబారుతుంది. దూరపు దీపాలకు తెలుపు కలపక్కర్లేదు, ముదురు నారింజ చాలు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మొనే 1872లో వేసిన సూర్యోదయం చిత్రాన్ని నలుపు తెలుపులో చూస్తే సూర్యుడు దాదాపు మాయమవుతాడు. చుట్టూ ఉన్న ఆకాశం కన్నా అతను వెలుతురులో ఎక్కువేం కాదు, రంగుతోనే మండుతున్నాడు. మీ బొమ్మనూ ఫోన్లో అలా తీసి చూడండి. లైట్లన్నీ ఒకే తెలుపుగా కనిపిస్తే, ఒక్క దుకాణాన్ని వదిలేసి మిగతావి తగ్గించాలి.

గాజులను గాజుల్లా గీయొద్దు. రాణి రంగు, ఆకుపచ్చ, బంగారు పసుపు పొట్టి గీతలు పక్కపక్కన పెట్టి ఊరుకోండి. వేలితో రుద్దితే మూడూ కలిసి బురదైపోతాయి. జనాన్నీ అంతే, ఒక్కొక్కరికి రెండు మూడు గీతలు చాలు. మీరు నిలబడి చూస్తుంటే దగ్గరివాళ్ల తలలూ దూరంవాళ్ల తలలూ ఇంచుమించు మీ కంటి ఎత్తులోనే వస్తాయి, మారేది పాదాల చోటే. ఇది తప్పితే మనుషులు గాల్లో తేలినట్టుంటారు, ఎంత మంచి రంగూ ఆ బొమ్మను కాపాడలేదు.

మూడు నాలుగు పూతలకు కాగితం గరుకు నిండిపోయి రంగు జారుతుంది. అప్పుడు గట్టిగా నొక్కకుండా, గట్టి కుంచెతో పొడి దులిపేసి మళ్లీ పెట్టండి. రంగు పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, ఫిక్సెటివ్, కొడితే లేత రంగులు ముదురుతాయి. అందుకే అది ముందు కొట్టి, ఆరాకే బల్బుల చుక్కలు పెట్టాలి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ అట్ట అంచు) వేయమని చెప్పండి.