పోర్ట్ 5000లో పలికిందెవరు?

జర్మనీలో ఉద్యోగంలో చేరితే మామూలుగా మొదటి ఆరు నెలలు ప్రొబెట్‌సైట్. మన ప్రొబేషనే. ఆ గడువులో రెండు వారాల నోటీసిచ్చి, కారణం చెప్పకుండా పంపేయొచ్చు. ఇక్కడివాళ్ళకి అది కాంట్రాక్టులో ఒక పేరా. ఉద్యోగం పోతే రెసిడెన్స్ పర్మిట్ సంగతేంటని లెక్కలు వేసుకునే మనకి మాత్రం చిన్న ఎర్రర్ వచ్చినా ఆ పేరానే గుర్తొస్తుంది. అందుకే మనవాళ్ళు టీమ్ ఛానెల్లో అడగరు, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేస్తారు. ఎండాకాలంలో ఇక్కడ సాయంత్రం ఏడంటే అక్కడ రాత్రి పదిన్నర. పాపం, వాడు నిద్రమత్తులోనే వైద్యం చెబుతాడు.

బెర్లిన్‌లో మా ఆఫీసుకి వర్కింగ్ స్టూడెంట్‌గా వచ్చిన వరంగల్ అమ్మాయీ అదే చేసింది. మాస్టర్స్ చదువుతోంది. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని. ఆమెకిచ్చిన మెషీన్ ఐమాక్. మొదటి పని, ఫ్లాస్క్‌లో (పైథాన్‌తో వెబ్ అప్లికేషన్లు రాసే సాధనం) రాసిన మా బుకింగ్ అప్లికేషన్‌ని అందులో లేపడం. కమాండ్లు కొట్టే టెర్మినల్లో సర్వర్ లేచింది, అడ్రస్ కూడా చూపించింది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 5000, అంటే ఇదే మెషీన్‌లో 5000 నంబరు పోర్టు (ప్రోగ్రాములు కబురు అందుకునే తలుపు) కొడితే మాత్రం 403, అనుమతి లేదు.

"సర్వర్ నడుస్తనే ఉన్నదన్నా, బ్రౌజర్లనే లోపలికి రానిస్తలేదు. నా అకౌంట్‌కి పర్మిషన్ ఇయ్యలేదేమో?"

ఫోన్లో వచ్చిన సలహాలన్నీ అప్పటికే అయిపోయాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్ సరంజామా) చెరిపి మళ్ళీ కట్టింది, పైథాన్ తీసి మళ్ళీ ఎక్కించింది, కుకీలు తుడిచింది, రీస్టార్ట్ చేసింది. ఈ వైద్యం అప్పుడప్పుడు పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో ఎవరికీ తెలియదు కాబట్టే నాకు నచ్చదు.

కాన్సులేట్ కిటికీల ముందు నిలబడి వచ్చినవాళ్ళకి 'అనుమతి లేదు' అని కనిపిస్తే లోపం మనదేననిపిస్తుంది. కానీ ఆ పోర్టులో ఎవరూ లేకపోతే వచ్చేది 'కనెక్షన్ రెఫ్యూజ్డ్'. 403 వచ్చిందంటే అవతల ఎవరో ఉండి జవాబిచ్చినట్టు. ఎవరో తెలియాలి.

"టెర్మినల్ చూడమ్మా," అన్నాను. ఫ్లాస్క్ డెవలప్‌మెంట్ సర్వర్ తన దగ్గరికొచ్చిన ప్రతి రిక్వెస్టుకీ ఒక లైను రాస్తుంది. పేజీని ఎన్నిసార్లు రీఫ్రెష్ చేసినా అక్కడ ఒక్క లైనూ పడలేదు. పొమ్మన్నది ఫ్లాస్క్ కాదన్నమాట.

కర్ల్ అనే కమాండ్‌తో హెడర్లు (జవాబుతో పాటు వచ్చే వివరాలు) తెప్పిస్తే సర్వర్ పేరు ఎయిర్‌ట్యూన్స్ అని వచ్చింది. అది ఎయిర్‌ప్లే పాత పేరు. 5000 మీద ఎవరున్నారని ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో చూస్తే పైథాన్‌తో పాటు కంట్రోల్ సెంటర్ కూడా ఉంది. మాక్‌లో ఎయిర్‌ప్లే రిసీవర్‌ని నడిపేది అదే. ఫోన్లో ఉన్నదాన్ని డెస్క్‌టాప్ స్క్రీన్ మీద చూపించే ఎయిర్‌ప్లే రిసీవర్, 2021లో వచ్చిన మాక్‌ఓఎస్ మాంటెరీ నుంచి 5000, 7000 పోర్టులు వాడుకుంటోంది. ఫ్లాస్క్ డిఫాల్ట్ పోర్టూ 5000నే. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

మరి ఒకే పోర్టు మీద ఇద్దరెలా కూర్చున్నారు? ఫ్లాస్క్ పట్టుకున్నది 127.0.0.1 అనే ఒక్క అడ్రస్‌నే. ఎయిర్‌ప్లే అన్ని అడ్రసుల మీదా వింటోంది. లోకల్‌హోస్ట్ రెండు వాకిళ్ళున్న ఇల్లు. ఒకటి అడ్రసుల పాత పద్ధతి ఐపీవీ4లో 127.0.0.1, రెండోది కొత్త పద్ధతి ఐపీవీ6లో ::1. బ్రౌజర్ ముందు రెండో వాకిలి తట్టింది, అక్కడున్నది ఎయిర్‌ప్లే. పోర్టు దొరకకపోతే ఫ్లాస్క్ కొత్త వెర్షన్లు 'మాక్ అయితే ఎయిర్‌ప్లే రిసీవర్ ఆపి చూడండి' అని వాటంతటవే చెబుతాయి. ఇక్కడ పోర్టు సాఫీగా దొరికింది కాబట్టి ఆ మాటా రాలేదు.

అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 కొట్టమన్నాను. పేజీ వచ్చేసింది.

ఇదంతా ఛానెల్లో రాయమన్నాను. "ఇంత చిన్నదానికి నవ్వరా అన్నా?" అంది. ఎవరూ నవ్వలేదు. టీమ్ లీడ్ అడిగినవి రెండే: హెడర్లలో ఏం వచ్చింది, ఓఎస్ వెర్షన్ ఎంత. ఇంకో ఇద్దరు, తామూ ఎప్పట్నుంచో కారణం తెలియకుండానే 127.0.0.1ని బుక్‌మార్క్ చేసుకుని వాడుతున్నామని రాశారు. ప్రొబేషన్ ఎప్పుడో దాటిన జర్మన్లు వాళ్ళు! అడగకపోవడం మన ఒక్కళ్ళ జబ్బే అనుకునేవాణ్ణి.

ఎయిర్‌ప్లే ఆపేద్దామంటే క్లయింట్లకి డెమో చూపించేవాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో ప్రాజెక్టు మొత్తానికీ పోర్టు 5001 చేద్దామనుకున్నాం. రీడ్‌మీలో (ప్రాజెక్టుని ఎలా నడపాలో చెప్పే ఫైలు) ఆ మార్పు రాసే పని ఆమెకే ఇచ్చాం. మార్చగానే లాగిన్ పడిపోయింది. లాగిన్ తర్వాత తిరిగి రావాల్సిన అడ్రస్ బయటి సర్వీసులో 5000 పోర్టుతోనే నమోదై ఉంది, అక్కడ మార్చే అధికారం ఒక్కరికే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం దాటింది, ఆయన వెళ్ళిపోయాడు. ఆమెకీ ఆ వారం గంటలు అయిపోయాయి. మార్పుల్ని ప్రాజెక్టులో కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్ సోమవారానికి వాయిదా.