పశువుల కొట్టం పక్కన దొరికిన మస్టాంగ్: నా అనుభవం

అమెరికా పల్లెల్లో కొట్టాల వెనక, చెట్ల కింద పాత కార్లు ఎన్నో పడి ఉంటాయి. అలాంటిది దొరికిందని చెప్పగానే అందరూ అడిగేది "ఇంజిన్ తిరుగుతుందా?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. కాగితాలు ఉన్నాయా, తుప్పు ఎంతవరకు పాకింది అన్నవి ముందు తేలాలి. టెక్సాస్‌లోని డాలస్‌కు దూరంగా ఒక పశువుల కొట్టం పక్కన కనిపించిన 1966 ఫోర్డ్ మస్టాంగ్ విషయంలో నేను ఈ వరుస తప్పలేదు.

డ్రైవర్ వైపు ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) అంచున చిన్న గంటు ఉంటుంది. దాని కింద లోపలి రేకు మీద బండి నంబరు చెక్కి ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్దితే 6ఆర్07టి అని బయటపడింది. 6 అంటే 1966 మోడల్, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే కర్మాగారం, 07 అంటే హార్డ్‌టాప్, టి అంటే 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్. ఆ టి చూసి చాలామంది వెనుదిరుగుతారు, వారికి 289 ఘనపుటంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ కావాలి. నాకా పట్టింపు లేదు. 120 హార్స్‌పవరే అయినా ఇది మొండి ఇంజిన్, చుట్టూ చేయి పెట్టడానికి చోటుంటుంది, పైగా బండి చవగ్గా వస్తుంది.

ఎప్పటి నుంచి పడి ఉందో టైరు చెప్పింది. 2000కు ముందు టైర్ల మీద తయారీ తేదీ మూడంకెల్లో ఉండేది: రెండంకెలు వారానికి, ఒకటి సంవత్సరానికి. పక్కన చిన్న త్రిభుజం ఉంటే తొంభైల నాటిదని గుర్తు. దీని మీద 273, పక్కన త్రిభుజం. అంటే టైరు 1993 జూలైలో తయారైంది, బండి ఆ తర్వాతే మూలపడింది.

తర్వాత నీళ్ల పరీక్ష. విండ్‌షీల్డ్ కింద, గాలి కోసం కంతలున్న భాగాన్ని కౌల్ అంటారు. అందులో ఆకులు చేరి, తడి నిలిచి, లోపలి రేకును తినేస్తుంది. మస్టాంగ్‌లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. పైన నీళ్లు పోయించి, డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని పడుకున్నాను. కుడివైపు పొడిగానే ఉంది. ఎడమవైపు నీళ్లు నేరుగా నా చొక్కా మీదికి కారాయి. బేరం అక్కడే ఇంకొంత దిగింది.

కాగితాల సంగతి మరీ చిక్కు. అమ్మే పెద్దావిడ దగ్గర టైటిల్ (బండి యాజమాన్య పత్రం) లేదు. ఆమె భర్త ఎవరి దగ్గరో కొని, తన పేరుకు మార్చుకోకుండానే పోయారు. ఇలాంటివాటికి టెక్సాస్‌లో బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది. అమ్మకపు రసీదు, ఫొటోలు, దరఖాస్తు పట్టుకుని మోటారు వాహనాల శాఖ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. వారి రికార్డుల్లో బండి లేకపోతే అందుకు అధికారం ఉన్న పోలీసు అధికారి నంబరు తనిఖీ చేయాలి. శాఖ సరేనంటే, బండి విలువకు ఒకటిన్నర రెట్ల ష్యూరిటీ (పూచీకత్తు) బాండ్ కొని కౌంటీ పన్నుల కార్యాలయంలో ఇవ్వాలి. బాండ్ మొత్తమంతా కట్టనక్కర్లేదు, ప్రీమియం చాలు. మూడేళ్లలో అసలు హక్కుదారు ఎవరైనా వస్తే ఆ బాండే పూచీ. ఇదంతా వదిలేసి ముందే స్పానర్ పట్టుకునే వారి ధైర్యం నాకు లేదు.

ఇక ఇంజిన్. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఎసిటోన్ కలిపి కొద్దిగా పోసి నానబెట్టాను. స్టార్టర్ జోలికి పోలేదు. సిలిండర్‌కు పట్టేసిన పిస్టన్ రింగులు విరిగితే అంతే సంగతులు. ఇంజిన్ ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడవాటి రెంచి వేసి, ముందుకు కాస్త, వెనక్కి కాస్త కదిపితే చివరకు వెంట్రుకవాసి జరిగింది. అది చాలు, మిగతాది ఓపిక.

ట్యాంకులో పెట్రోలు బెల్లం పాకంలా చిక్కబడింది. ఈ కార్లలో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల కాబట్టి దించడం తేలిక. కొత్తది పెట్టి, రబ్బరు గొట్టాలన్నీ మార్చాను. పాత రబ్బరు ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకు ఆగదు.

విజయవాడలో ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపిన మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించాను. "ముందు పాయింట్లు శుభ్రం చెయ్యరా. నిప్పురవ్వ నీలంగా రావాలి. ఎర్రగా వస్తే కండెన్సర్ చూసుకో" అన్నారు. పాయింట్లంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు, కండెన్సర్ దానికి తోడుండే భాగం. రవ్వ ఎర్రగానే వచ్చింది. కండెన్సర్ మార్చి, సిలిండర్లు మండే 1-5-3-6-2-4 వరుసలో వైర్లు తగిలించి, చిన్న డబ్బాలోంచి పెట్రోలు అందిస్తే ఇంజిన్ అందుకుంది. సైలెన్సర్‌లో ఎలుకలు దాచుకున్న పెకాన్ గింజల తొక్కలు నా షెడ్డు గోడంతా కొట్టాయి.

అప్పుడు వీధిలో ఒక చుట్టు తిరిగి రావాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. కానీ 1966 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ బ్రేకు నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడ గొట్టం పగిలినా పెడల్ నేలకంటుతుంది. రెండు గదులది 1967లో వచ్చింది. నేను ఆ రకం బిగించి, వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేశాకే గేటు దాటాను. కౌల్ మాత్రం వెల్డర్‌కు అప్పగించాను. స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి రేకు లేపే పని నా వల్ల అయ్యేది కాదు.

వీ8 వేయించమని స్నేహితులు ఇప్పటికీ పోరుతున్నారు. ఆరు సిలిండర్ల బండికి చక్రానికి నాలుగు బోల్టులు, వీ8కి ఐదు. ఇంజిన్‌తో ఆగదు, హబ్బులు, వెనక యాక్సిల్, బ్రేకులు కూడా మార్చాలి. నేను వినను. బంపర్లకు క్రోమ్ కూడా ఇంకా వేయించలేదు. ధర విన్నాక ఇప్పట్లో వేయించేలా కూడా లేను.