వారానికి యాభై గ్రాములు

ఆదివారం ఉదయం మా ఇంట్లో కాఫీ కంటే ముందు జరిగే పని పండును తూకం వేయడం. పండు మా పిల్లి. నారింజ రంగు చారలున్న ఆరేళ్ళ మగపిల్లి కనుక ఇంట్లో అందరికీ 'వాడు' అయ్యాడు. మొదట్లో వాడిని ఎత్తుకుని మనుషుల తూనిక యంత్రం మీద నిలబడి, వచ్చిన అంకెలోంచి నా బరువు తీసివేసేదాన్ని. ఆ లెక్కలో వంద గ్రాములు అటూ ఇటూ అవుతుండడంతో చివరకు పసిబిడ్డలను తూచే యంత్రం ఒకటి కొన్నాము. వాడి బరువులో మేము ఎదురుచూసే తగ్గుదల వారానికి యాభై గ్రాములే మరి.

విశాఖపట్నంలో మేముండే అపార్టుమెంటు మెట్ల కింద, ఒక వర్షాకాలపు సాయంత్రం, అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికాడు. ఏడో నెలలో సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించాము. ఆ ఆపరేషన్ తరువాత పిల్లి శరీరానికి కావలసిన శక్తి తగ్గుతుందనీ, ఆకలి మాత్రం పెరుగుతుందనీ తరువాత ఎప్పుడో తెలిసింది. అప్పటికి మా ఇంట్లో గిన్నె ఖాళీగా కనబడితే నింపడమే ప్రేమ. పొద్దున్నే నేను డ్రైఫుడ్ (పిల్లుల కోసం అమ్మే ఎండు గింజల మేత) పోసేదాన్ని, మధ్యాహ్నం అమ్మ పెరుగన్నం కలిపేది, చేపల బుట్టతో వీధిలోకి వచ్చే ఆవిడ మా గుమ్మం ముందు ఆగినప్పుడల్లా గుప్పెడు నెత్తళ్ళు వాడి ముందు పోసేది. ఎవరు ఎంత పెట్టారో ఇంకొకరికి తెలియదు. అలా ఏళ్ళ తరబడి పెట్టగా పెట్టగా, ఈ జనవరి మొదటి వారంలో టీకా కోసం తీసుకువెళ్ళేసరికి వాడి బరువు 7.2 కిలోలు.

డాక్టరుగారు బరువు చూసి ఊరుకోలేదు. పక్కటెముకల మీద వేళ్ళు ఆనించి చూశారు, పైనుంచి నడుము చూశారు. పిల్లి ఒంట్లో కొవ్వు ఎంత ఉందో తెలుసుకోవడానికి తొమ్మిది మెట్ల కొలత ఒకటి ఉంటుంది. పక్కటెముకలు పలుచని పొర కింద చేతికి తగులుతూ, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపిస్తే అది ఐదో మెట్టు, సరైన స్థితి. పండుది ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. పొట్ట కింద వేలాడే చర్మపు సంచి చాలా పిల్లులకు సహజంగానే ఉంటుంది కానీ, వాడిది నిండా కొవ్వేనని ఆవిడ నా చేతిని అక్కడ పెట్టి చూపించారు. ఇలాగే వదిలేస్తే మధుమేహం, కీళ్ళ నొప్పులు రావచ్చన్నారు. తోక మొదట్లో వెన్ను మీద పేరుకున్న చుండ్రును వేలితో చూపించి, అక్కడికి వాడి నాలుక అందడం లేదన్నారు. రోజంతా ఒళ్ళు నాక్కుని శుభ్రంగా ఉండడమే తన గౌరవంగా బతికే జీవికి తన వెన్ను తనకు అందకుండా చేసింది నేనే అన్న సంగతి, మధుమేహం మాటకంటే ఎక్కువగా నన్ను బాధపెట్టింది.

వాడు చేరవలసిన బరువు 5 కిలోలు. ఆ బరువును బట్టి కట్టిన లెక్కలో రోజుకు దాదాపు 185 కేలరీలు వచ్చాయి. మేము కొనే డ్రైఫుడ్ వంద గ్రాములకు 380 కేలరీలు ఇస్తుంది కనుక, అదొక్కటే పెడితే రోజంతటికీ యాభై గ్రాములు దాటకూడదు. చిన్న టీకప్పుకు మించని మేత అది. దానికి బదులు ముప్పై గ్రాముల డ్రైఫుడ్, ఒక పొట్లం వెట్‌ఫుడ్ (తడి మేత) ఇవ్వమన్నారు. వెట్‌ఫుడ్‌లో ముప్పాతిక వంతుకు పైగా నీళ్ళే ఉంటాయి కాబట్టి తక్కువ కేలరీలతో కడుపు నిండుతుంది, నీళ్ళు పెద్దగా తాగని పిల్లికి మూత్రాశయానికీ మేలు చేస్తుంది.

మర్నాడు పొద్దున డ్రైఫుడ్ తీసేసి వెట్‌ఫుడ్ పెట్టాను. వాడు వచ్చి వాసన చూశాడు. గిన్నె చుట్టూ నేలను ముందుకాలితో రెండుసార్లు గీకి, పక్కకు వెళ్ళి వీపు నావైపు తిప్పి పడుకున్నాడు. మధ్యాహ్నం అంతే, రాత్రి అంతే. ఆకలేస్తే వాడే తింటాడులే అనుకున్నాను. మా ఇంట్లో పిల్లల అన్నం మారాములన్నీ అలాగే తీరాయి. అమ్మ మాత్రం రాత్రి పదింటికి నా గది గుమ్మంలో నిలబడి, "నోరులేని జీవి కడుపు మాడ్చకే, ఉసురు తగులుతుంది," అంది. మర్నాడు ఉదయం కూడా వాడు ముట్టకపోయేసరికి డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు మారిపోయింది. వెంటనే పాత మేతే పెట్టమన్నారు.

ఆ రోజు ఆవిడ చెప్పింది పిల్లిని పెంచే ప్రతి ఇంటికీ తెలియాలి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ఒంట్లోని కొవ్వంతా కరిగి ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును కాలేయం ఖర్చు చేయలేదు, అందులోనే పేరుకుపోయి కామెర్లు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. మనిషి ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండకూడదు. పంతానికి పంతం పట్టి వాడిని దారికి తెస్తాననుకున్న నేను, పందెంలో వాడి ప్రాణమే ఉందని అప్పటివరకు ఎరగను. వాడు మొండివాడు కనుక నేను మొండిదాన్ని కాకూడదు, అంతే.

పాత డ్రైఫుడ్ గిన్నెలో పడగానే, ఒకటిన్నర రోజు తరువాత, వాడు తిన్న చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ తరువాత మార్పుకు రెండు వారాలు పట్టింది. మొదట డ్రైఫుడ్ పక్కన వేలికొసంత వెట్‌ఫుడ్, మరో రెండు రోజులకు చెంచాలో పావు వంతు, తరువాత సగం. ఫ్రిజ్‌లోంచి తీసినది చల్లగా ఉంటే వాసన రాదని, గిన్నెను వేడినీళ్ళలో కాసేపు ఉంచి గోరువెచ్చగా పెట్టడం నేర్చుకున్నాను. పిల్లికి తిండి ముందు ముక్కుతో మొదలవుతుంది.

అమ్మను ఒప్పించడం మరో ఎత్తు. పిల్లి అంటే పాలన్నం, పెరుగన్నం తినే జీవి అనే ఆమె నమ్మకం, ఉట్టి మీద పాలకుండ ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన నమ్మకం. పిల్లి శరీరం మాంసం మీదే బతికేలా తయారైందనీ, టారిన్ అనే పదార్థం మాంసం నుంచి అందకపోతే దానికి చూపూ గుండే దెబ్బతింటాయనీ, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవనీ చెప్పాను. అమ్మ విన్నది కానీ చెయ్యి ఊరుకునేది కాదు. అప్పుడు వాడి తిండి మొత్తం అమ్మ చేతికే అప్పగించాను. రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద ముప్పై గ్రాములు తూచి డబ్బాలో పోస్తుంది. ఆ రోజు ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. ఎక్కువ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా జరగని పని, పెట్టే అధికారం ఇచ్చాక జరిగింది.

వేకువన నాలుగున్నరకు నా గుండెల మీద ఎక్కి కూర్చుని అరవడం వాడి రెండో పంతం. లేచి పెడితే ఆ అరుపుకు ఫలితం దక్కినట్టవుతుంది. దీనికి లొంగలేదు, ఎందుకంటే అప్పటికే వాడు తన రోజు భాగాన్ని సరిగానే తింటున్నాడు, ప్రమాదమేమీ లేదు. రాత్రి భాగాన్ని మాత్రం పడుకోబోయే ముందుకు జరిపాము. మూడు వారాలకు ఆ అరుపులు తగ్గాయి.

బద్ధకం సంగతి వేరు. పిల్లి రోజుకు పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోవడం సహజమే. పండు మేలుకున్న గంటల్లో కూడా లేవడు. ఈక కట్టిన దారం ముందు ఆడిస్తే, పడుకునే ఒక కాలు చాచి కొట్టి ఊరుకునేవాడు. పిల్లులకు తెల్లవారుజామున, మునిమాపున చురుకెక్కువని చదివి, ఆటను సంధ్య దీపం పెట్టే వేళకు మార్చాను. దారాన్ని వాడి ముఖం ముందు ఊపడం మానేసి, ఎలుక పారిపోయినట్టుగా తలుపు చాటుకు లాగాను. ఆ రోజు మొదటిసారి లేచాడు. ఇప్పుడు ఐదు నిమిషాలు ఆడతాడు, ఆయాసపడి ఆగుతాడు, కాసేపటికి మళ్ళీ వస్తాడు. సాయంత్రపు గింజలను గిన్నెలో పోయకుండా ఒక్కొక్కటిగా వరండా పొడవునా విసురుతాము, ఇరవై గింజలకు ఇరవై నడకలు. మిగిలినవి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సీసాలో వేస్తే పంజాతో దొర్లించి రాల్చుకుంటాడు.

ఇరవై ఒక్క వారాలయింది. నిన్నటి ఆదివారం 6.1 కిలోలు. మధ్యలో రెండు వారాలు ముల్లు కదలలేదు, ఒక వారం పెరిగింది కూడా. తొందరపడి మేత ఇంకా తగ్గించవద్దని డాక్టరుగారు ముందే హెచ్చరించి ఉండడం వల్ల ఆగగలిగాను. 5 కిలోలకు చేరేసరికి ఇంకో ఐదారు నెలలు పడుతుంది. పోయిన గురువారం మధ్యాహ్నం వాడు వరండాలో కూర్చుని, నడుము తిప్పి, తోక మొదలును తీరిగ్గా నాక్కుంటుంటే అమ్మ నన్ను కేక వేసి పిలిచింది. ఇద్దరమూ అడుగు చప్పుడు కాకుండా గుమ్మంలో నిలబడి చూశాము.

ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో వేట నిషేధం ఉంది కనుక చేపల ఆవిడ ఈ మధ్య సరిగా రావడం లేదు. జూన్ 14తో నిషేధం ముగుస్తుంది, బుట్ట మళ్ళీ మా గుమ్మానికి వస్తుంది. వద్దని ఆవిడకు చెప్పమంటుందేమోనని అమ్మవైపు చూశాను. అమ్మ త్రాసు తుడుస్తూ, రోజుకు ఎన్ని నెత్తళ్ళు పెట్టవచ్చో లెక్క కట్టి చెప్పమంది. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన పది గ్రాముల నెత్తళ్ళు పెడితే డబ్బాలో మూడు గ్రాముల గింజలు తగ్గించాలని కాగితం మీద రాసి, వంటింటి అలమార తలుపుకు అంటించాను.