పాలకొల్లులో తొమ్మిది దాటాక

"ఆయ్, అయిపోయిందండి."

పాలకొల్లులో నాకు దక్కిన మొదటి మర్యాద ఇది. గోదావరి జిల్లాల్లో లేదని చెప్పాలన్నా ముందు 'ఆయ్' అంటారు. మా ఒంగోలు వైపైతే తల కూడా ఎత్తకుండా "ఐపోయింది, పో" అనేవాడు. టైము చూస్తే తొమ్మిదీ పది. మూడు ఇనప బాండీలు గోడవార బోర్లించి ఉన్నాయి. ఒకాయన పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నీళ్ళు చల్లుతున్నాడు. దిబ్బరొట్టె కోసం రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాణ్ణి, ఆ చుయ్‌మన్న చప్పుడు విని వెనక్కి తిరిగాను.

తప్పు మా అక్కది. అక్క అత్తారిల్లు భీమవరం. సికింద్రాబాద్‌లో నరసాపురం రైలెక్కేముందే ఫోన్ చేసింది. "శ్రావణమాసంరా. ముందు క్షీరారామం వెళ్ళి దణ్ణం పెట్టుకో. ఆ తర్వాతే నోట్లో ఏదైనా." అక్క మాట జవదాటే ధైర్యం నాకు లేదు. ఆరున్నరకి దిగి, స్నానం చేసి, నేరుగా గుడికి వెళ్ళాను.

గుడికి వెళ్ళినందుకు చింత లేదు. తొమ్మిది అంతస్తుల గోపురం ఆ ఇరుకు బజారు మీదికి ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. 120 అడుగులంటారు. కింద పూలకొట్లు, సైకిళ్ళు, కొబ్బరికాయల గుట్టలు. మెడ పూర్తిగా వెనక్కి వాలిస్తే గానీ పైన కలశాలు కనబడవు. పంచారామాల్లో ఇదొకటి. కుమారస్వామి తారకాసురుణ్ణి చంపినప్పుడు వాడి మెడలోని శివలింగం ఐదు ముక్కలైందనీ, అందులో ఒకటి ఇక్కడ విష్ణుమూర్తి ప్రతిష్ఠించాడనీ కథ. ఉపమన్యుడనే పిల్లవాడు పాల కోసం ఏడిస్తే శివుడు కొలను నిండా పాలు పొంగించాడట, పాలకొలను కాస్తా పాలకొల్లు అయిందట. ఊరి పేరులోనే తిండి ఉంది. అది తెలిసీ గుడి మండపంలో గంటన్నర కూర్చుండిపోయిన నన్ను ఏమనాలి.

ఆకలి మీద ఉన్నవాడి బుద్ధి ఎలా ఉంటుందో తెలుసుగా. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులు, ఏసీ, తళతళలాడే బోర్డు ఉన్న ఒక హోటల్లోకి దూరాను. పేరెందుకులెండి. మెనూలో పనీర్ బటర్ మసాలా ఉంది, గోబీ మంచూరియా ఉంది, నాలుగు రకాల ఫ్రైడ్ రైస్ ఉంది. ఇడ్లీ అడిగితే చల్లారినవి మైక్రోవేవ్‌లో పెట్టి తెచ్చాడు. అంచులు రబ్బరైపోయాయి. కొబ్బరి చెట్లు తప్ప మరోటి కనబడని ఊళ్ళో, చట్నీలో కొబ్బరి కంటే పుట్నాలపప్పే ఎక్కువ! బిల్లు కట్టి బయటపడేసరికి బావ బండి మీద వచ్చాడు.

జరిగింది చెప్తే బావ నవ్వాడు. "నీదే పొరపాటు బావా. ఈ ఊళ్ళో ఏ హోటలు అని అడక్కూడదు. ఎన్నింటికి అని అడగాలి."

బావ అన్నమాట రెండు రోజుల్లో నాకు అక్షరాలా అనుభవానికి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండూ పావుకి నన్నొక వీధిలోకి తీసుకెళ్ళాడు. బోర్డు లేదు. పెంకుటిల్లు, అరుగు, అరుగు మీద విడిచిన చెప్పులు. ఆ చెప్పులే బోర్డు. లోపల రెండు వరసల బల్లలు, అరిటాకులు. వడ్డించే ఆవిడ్ని బావ "పిన్నిగారూ" అని పిలిచాడు. చుట్టమేమో అనుకున్నాను. కాదు, ఊరంతా అలాగే పిలుస్తారు. రెండు దాటితే గిన్నెలు కడిగేస్తారట.

ముందు కందిపొడి, నెయ్యి. తర్వాత దోసకాయ పప్పు. ఆ తర్వాత వచ్చింది కందా బచ్చలి కూర. హైదరాబాద్‌లో చాలా చోట్ల తిన్నాను గానీ ఆవ ఇలా ముక్కుకి తగలడం ఎప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. పిన్నిగారు చూసి, "ఆవపిండి పొయ్యి మీద ఉండగా కలపకూడదు బాబూ, దింపాక కలపాలి. వేడి మీద వేస్తే చేదెక్కుతుంది, ఘాటూ చస్తుంది" అన్నారు. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి నూరి, కూర కాస్త చల్లారాక పట్టించారు. నా కళ్ళు తుడుచుకోవడమే ఆవిడకి మెప్పు. ఇంకో గరిటె వేసేశారు.

ముక్కల పులుసు దగ్గర మాత్రం పేచీ. గుమ్మడికాయ, ములక్కాడ, బెండకాయ, దాని మీద బెల్లం. గోదావరి వంట మీద నాకున్న పాత ఫిర్యాదే ఇది, కారం ఉండాల్సిన చోట తీపి పెడతారు. అదే మాట బావ చెవిలో అన్నాను. పిన్నిగారికి వినబడింది. "మీదే ఊరు బాబూ?" "ఒంగోలండీ." "ఆయ్, మరి అదీ సంగతి," అని ఒక చిన్న గిన్నెలో మజ్జిగ మిరపకాయలు తెచ్చి నా ఆకు పక్కన పెట్టారు. మిరపకాయ కొరుక్కుంటూ పులుసన్నం తిన్నాను. మూడో ముద్దకి నోరు మూసుకున్నాను. ఫిర్యాదు ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు గానీ, వాయిదా వేశాను.

చేతులు కడుక్కునే చోట పక్కాయన, నేను హైదరాబాద్ నుంచి వచ్చానని తెలుసుకుని, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ముగ్గురిదీ ఈ ఊరేనని చెప్పాడు. తెలుసండీ అన్నాను. అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

సాయంత్రం నరసాపురం వెళ్ళాం, 10 కిలోమీటర్లు ఉంటుందేమో. దారి పొడవునా కాలువ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక ఇలాంటి కాలువలతోనే డెల్టా అంతా వరి పచ్చబడింది. పొద్దున నాకు దక్కని రొట్టెలోని బియ్యపు రవ్వ కూడా ఈ నీళ్ళ చలవే. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు నుంచే ఈ చుట్టుపక్కల బట్టలకి గిరాకీ. పాలకొల్లులో డచ్చివాళ్ళు గిడ్డంగి పెట్టారు. నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు పెట్టారు. ఆ మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి 'మడపొల్లం' అయి, ఒక రకం నూలుగుడ్డకి పేరుగా మిగిలిపోయింది. ఇప్పుడక్కడ చూడాల్సింది రేవు. అవతల సఖినేటిపల్లి. మధ్యలో పంటు తిరుగుతుంది. కార్లు, మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, స్కూలు పిల్లలు, అందరూ ఒకే చెక్కల మీద. వశిష్ఠ గోదావరి ఎర్రనీటితో నిండుగా ఉంది. వరద ఇంకా పెరిగితే పంటు ఆపేస్తారన్నారు. మేం ఊరికే అటు వెళ్ళి ఇటు వచ్చాం.

రేవులో ఒకావిడ బేసిన్లో రెండు చేపలు పెట్టుకుని కూర్చుంది. పులసలే. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదావర్లోకి వస్తే పులస. ఎదురీతలోనే రుచి వస్తుందని ఇక్కడి నమ్మకం. కిలోన్నర చేపకి 18 వేలు చెప్పింది. పుస్తెలమ్మి పులస తినాలనే సామెత విన్నప్పుడల్లా, ఆ పుస్తెలు ఎవరి మెళ్ళోవో సామెత చెప్పినవాణ్ణి అడగాలనిపిస్తుంది నాకు. బావ బేసిన్లోకి వంగి చూసి, "తెల్లగా మెరుస్తోంది, ఇది సముద్రపుదే" అని నా చెవిలో అన్నాడు. నిజమో, 18 వేలు తప్పించుకునే ఉపాయమో నాకు తెలీదు. ఎలాగూ శ్రావణమాసం వెళ్ళేదాకా అక్క వంటింట్లోకి నీచు రాదు. కొన్నా వండే దిక్కు లేదు. పులస కోసమే వచ్చేవాళ్ళకి నా సలహా ఒకటే. ఊళ్ళో వండిపెట్టే తెలిసిన ఇల్లు ఉంటేనే రండి. ఆ పులుసు మట్టి దాకలో సన్నసెగ మీద గంటలకొద్దీ మరగాలి, మర్నాటికి గానీ ముక్కకి పులుపు పట్టదు. ఆర్డరిచ్చిన ఇరవై నిమిషాల్లో బల్ల మీదికి వచ్చేది ఏదైనా కావచ్చు.

రాత్రి భీమవరంలో అక్క తాటిరొట్టె పెట్టింది. ఈ రోజుల్లోనే తాటిపళ్ళు రాలతాయి. గుజ్జు పీచు లేకుండా తీసి, బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి బాండీలో మూతపెట్టి కాల్చింది. ఇల్లంతా తాటిపండు వాసన. పొద్దున గుడికి పంపినందుకు అదే పరిహారం అనుకున్నాను.

రెండో రోజు ఆరింటికే బావని లేపాను. అక్క పూజగదిలో ఉండగా చెప్పకుండా బయటపడ్డాం. పాలకొల్లు చేరేసరికి ఆరూ నలభై ఐదు. అదే కొట్టు, అదే మనిషి. కానీ ఇప్పుడు మూడు బాండీలూ నిప్పుల మీద ఉన్నాయి, మూతల మీద కూడా కొబ్బరి చిప్పల నిప్పులు కణకణలాడుతున్నాయి. కిందా పైనా సెగ. ఆయన పట్టకారుతో మూత ఎత్తినప్పుడల్లా బూడిద కొంచెం రాలుతుంది, ఊదేస్తాడు. రొట్టె మూడు వేళ్ళ మందం. అడుగు ఎర్రగా, గట్టిగా, చాకు దిగుతుంటే కరకరమని చప్పుడు. పైభాగం దూదిలా, అంచుకి వచ్చేసరికి సన్నటి చిల్లులు. పిండి సంగతి అడిగాను. ఒక వంతు మినపగుండ్లకి రెండు వంతుల రవ్వ, పిండి గట్టిగా ఉండాలి, అంతేనన్నాడు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేనట్టు చెప్పాడు గానీ, మాట్లాడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి మూడో బాండీ మూత మీది నిప్పుల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సర్దుతూనే ఉంది.

ఆకులో పెద్ద ముక్క పెట్టి, దాని మీద చెరకు పానకం పోశాడు. చెరకు రసం బెల్లం కాకముందే దింపేస్తే వచ్చే చిక్కటి పాకం ఇది. నల్లగా, తేనె కంటే కాస్త పల్చగా. మెత్తటి భాగం పానకం పీల్చేసుకుంటుంది, అడుగు మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. కారం కావాలంటే అల్లం పచ్చడి ఉంది. ఒంగోలువాణ్ణి కాబట్టి అల్లం పచ్చడే అడుగుతానని బావ పందెం కట్టాడు. పానకమే రెండోసారి పోయించుకున్నాను.

ఏడున్నరకి జనం మూగారు. కార్తీక సోమవారాల్లో ఎలా ఉంటుందని అడిగితే ఆయన చేతులు జోడించాడు. పంచారామాల బస్సులు తెల్లారకుండానే దిగుతాయట, రొట్టెలు ఏడింటికే ఖాళీ. తినడానికే వచ్చేవాళ్ళు కార్తీకం మానేయడం మంచిది. గుడికి వచ్చేవాళ్ళు ఎలాగూ ఉపవాసం.

తిరుగు రైలు రాజమండ్రిలో రాత్రికి. బావ కారు అడిగి తెచ్చాడు. చించినాడ వంతెన దాటి కోనసీమలోకి వెళ్ళాం. అంబాజీపేటలో పొట్టిక్కలు తిందామని ప్లాను. పనసాకుల బుట్టల్లో ఉడికే ఇడ్లీలవి, ఆకు వాసనంతా పిండికి పడుతుంది. చేరేసరికి పదకొండు. "ఆయ్, అయిపోయాయండి." బావ నా వైపు చూడలేదు.

ఆత్రేయపురంలో మాత్రం టైముతో పని లేదు, ఏ వేళకి వెళ్ళినా ఏదో ఒక అరుగు మీద రేకులు తీస్తూనే ఉంటారు. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక రోడ్డు పక్క బోర్డులు ఎక్కువయ్యాయని బావ విసుగు. మేం బోర్డులు వదిలి లోపలి వీధిలోకి వెళ్ళాం. ఒకామె బోర్లించిన కుండ ముందు కూర్చుంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో తెల్లటి గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ మీద ఒక్కసారి లాగింది. తడి కనబడి మాయమైంది. ఆ చోట కాగితం కంటే పల్చటి రేకు, అంచు పట్టి తీసి పక్కన పెట్టింది. మళ్ళీ గుడ్డ. నేను పది లెక్కపెట్టాను. ఆ పదిలో ఒక్కటీ చిరగలేదు. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారంటే, పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అంది.

చాక్లెట్ పూతరేకులు, డ్రైఫ్రూట్ పూతరేకులు కూడా దొరుకుతున్నాయి. నాకు బెల్లం, నెయ్యి చాలు. మిగతావి రేకు రుచిని మింగేస్తాయి. చుట్టినవి ఒక డజను కొన్నాను, వాటితో పాటు ఖాళీ రేకులు ఒక కట్ట. ఇంటికెళ్ళి నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి అప్పటికప్పుడు చుట్టుకోవచ్చు కదా అని. తడిగుడ్డ అద్ది మెత్తబరచాకే మడవాలని ఆమె రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం బ్యారేజీ మీదుగా గోదావరి దాటాం. గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి, ఆ హోరులో బావ ఏదో అన్నాడు గానీ వినబడలేదు.

రైల్లో ఖాళీ రేకుల కట్టని భద్రంగా పై బెర్తు మీద, తల పక్కనే పెట్టుకున్నాను. ఖాజీపేట దగ్గర మెలకువ వచ్చేసరికి దాని మీద నా మోచెయ్యి ఉంది. ఇంట్లో కట్ట విప్పితే ఒక్క రేకూ ముక్క కాకుండా లేదు. మా ఆవిడ ఏమీ అనకుండా ఆ నలుసులన్నీ గిన్నెలోకి దులిపి, బెల్లం తురుము వేసి, వేడి పాలు పోసి స్పూను ఇచ్చింది.