పాల ప్యాకెట్ మూల

"ఇలా కోస్తే చాలామ్మా?" అంటూ పై అంతస్తు మామ్మగారు పాల ప్యాకెట్ ఎత్తి చూపించారు. మూల తెగింది కానీ ఊడలేదు, వేలాడుతోంది. ప్యాకెట్ కడిగి, తిరగేసి, బాల్కనీ గ్రిల్‌కి క్లిప్పు పెట్టి ఆరేశారు కూడా!

ఆ చిన్న ముక్క ఊడితే చెత్త ఏరేవాళ్ల చేతికి చిక్కదు. కాలువలో పడిందా, సముద్రం దాకా పోతుంది. మన వైజాగ్‌లో సముద్రం ఎంత దూరమని?

మూడు ఆదివారాలుగా మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో గుమ్మం గుమ్మానికీ తిరిగి చెబుతున్నాను: తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో. కొందరు తలుపే తీయలేదు. పర్వాలేదు, మళ్లీ వెళ్తాను.

ఇవాళ చెత్త బండి అక్క మా పొడి సంచి విప్పి, "ఒక్క మెతుకు కూడా లేదమ్మా ఇందులో" అంది. మేం కలిపి పడేసిందంతా ఇన్నాళ్లూ ఆ చేతులే ఏరాయి. గొంతు పట్టేసింది నాకు.

రేపు కింది అంతస్తుకి వెళ్లాలి. మామ్మగారు కూడా వస్తానన్నారు, కత్తెర పట్టుకుని.