తాళాలు పీకేసిన ఊరికి

పోయిన జనవరి 5న మధ్యాహ్నం మూడు గంటలకు నేను స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో లిమ్మత్ నది ఒడ్డున నిలబడి ఉన్నాను. ఆ తేదీ, ఆ వేళ కావాలనే పెట్టుకున్నాం. 1527లో అదే తేదీన, అదే వేళకు ఫెలిక్స్ మాన్జ్ అనే మనిషిని అక్కడ నీళ్ళలో ముంచి చంపారు. ముప్పైకి అటూఇటూ వయసు. హీబ్రూ బాగా చదువుకున్నవాడు. పెద్దవాళ్ళకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడన్నది నేరం. ఇలాంటివాళ్ళను అనాబాప్టిస్టులు అనేవాళ్ళు, మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళని అర్థం.

మాది వనపర్తి దగ్గర పల్లెటూరు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా చర్చి గోడ మీద ‘మెన్నోనైట్ బ్రెదరెన్’ అని రాసి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అక్షరాలు. మేమందరం ఎం.బి. చర్చి అనే అంటాం. ఆ ‘ఎం’ వెనక ఎవరున్నారో అరవై ఏళ్ళు దాటేదాకా నేను పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది కోర్టు.

మా తాత సంపాదించిన రెండెకరాల ముప్పై గుంటల మీద నాకూ మా తమ్ముడికీ కేసు నడుస్తోంది. వేసింది నేనే. సాక్షి బోనులో నిలబడి, దేవుని మీద ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతానన్నాను. చెప్పింది నిజమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దని, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మీ మాట ఉండాలని యేసు చెప్పిన భాగం చర్చిలో నేనే ఎన్నోసార్లు చదివాను. మత్తయి ఐదో అధ్యాయం. అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చు. బోనులో మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. మర్నాడు మా పాస్టర్ గారితో చెప్పుకుంటే, “సార్, ఆ మాట కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు మన పెద్దలు. మన చర్చి వాళ్ళ నుంచి వచ్చిందే” అన్నారు. అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మా పెద్దబ్బాయి జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. రమ్మని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. వస్తాను గానీ నేను చెప్పిన చోట్లకే తీసుకెళ్ళాలి అన్నాను.

మొదట గ్రోస్‌మున్‌స్టర్ అనే పెద్ద చర్చికి వెళ్ళాం. రెండు గోపురాల చర్చి. జ్యూరిక్‌లో చర్చి సంస్కరణను నడిపిన ఉల్రిక్ జ్వింగ్లీ ప్రసంగాలు చేసింది అక్కడే. మాన్జ్, అతని స్నేహితుడు కాన్రాడ్ గ్రెబెల్ ఇద్దరూ మొదట జ్వింగ్లీ శిష్యులే. ఆయన దగ్గర లేఖనాలు చదివినవాళ్ళే, ఆయన్ని ఒక ప్రశ్న అడిగారు. నమ్మకం గురించి ఏమీ తెలియని పసిబిడ్డకు బాప్తిస్మం ఇమ్మని లేఖనంలో ఎక్కడుంది? మార్పు లేఖనాన్ని బట్టి రావాలా, నగర కౌన్సిల్ ఒప్పుకున్నంత వరకే రావాలా? జ్వింగ్లీ కౌన్సిల్‌తో కలిసి నడిచే మనిషి. ఆయన బాధ ఆయనది. బిడ్డకు బాప్తిస్మం అంటే చర్చిలో చేరడం, ఊళ్ళో ఒకడు కావడం, రెండూ ఒకటే ఆ రోజుల్లో. ఆ ముడి విప్పితే ఊరే చెదిరిపోతుందని భయపడ్డారు. 1525 జనవరిలో కౌన్సిల్ తీర్పు చెప్పింది. పిల్లలకు ఎనిమిది రోజుల్లో బాప్తిస్మం ఇప్పించాలి, లేకపోతే ఊరు విడిచిపోవాలి.

జనవరి 21 రాత్రి కొద్దిమంది ఒక ఇంట్లో చేరారు. చర్చికి దగ్గర్లోనే నాయ్‌స్టాట్‌గాసె అనే సందులో మాన్జ్ వాళ్ళ ఇల్లని చెబుతారు. అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేశారు. జార్జ్ బ్లావ్‌రాక్ అనే ఆయన లేచి, నాకు బాప్తిస్మం ఇవ్వమని గ్రెబెల్‌ను అడిగాడు. గ్రెబెల్ ఇచ్చాడు. తర్వాత మిగతావాళ్ళకు బ్లావ్‌రాక్ ఇచ్చాడు. అంతే. ఆ సందులో మేం పది నిమిషాలు నడిచామేమో. రాళ్ళు పరిచిన ఇరుకు దారి, గుమ్మాల ముందు సైకిళ్ళు. నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో రాత్రిపూట ప్రార్థన కూటాలు గుర్తొచ్చాయి. లాంతరు, చాప, పదిమంది.

మర్నాడు జోలికోన్‌కు వెళ్ళాం. సరస్సు పక్కనే ఉంది, రైల్లో కొన్ని నిమిషాలు. ఇప్పుడు డబ్బున్నవాళ్ళు ఉండే చోటు. 1525లో మాత్రం రైతులు, ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్ళు. ఆ బాప్తిస్మం జరిగిన వారంలోపే ఇక్కడ ముప్పైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. మేమైతే చెరువులో నిండా ముంచుతాం. వీళ్ళు గరిటెతో నీళ్ళు తీసి నెత్తిన పోసుకున్నారు. ముంచడం మా చర్చికి మూడు వందల ఏళ్ళ తర్వాత వచ్చిన అలవాటు.

జోలికోన్‌లో నన్ను పట్టుకున్నది గరిటె కాదు. ఆ రోజుల్లో బతికిన యోహాన్ కెస్లర్ అనే ఆయన రాసిపెట్టిన ఒక విషయం. బాప్తిస్మం తీసుకున్న ఆ రైతులు తలుపులకూ కొట్లకూ ఉన్న తాళాలు పీకేశారట. అన్నదమ్ముల మధ్య తాళమెందుకని. తినేది కలిపి తిన్నారు. వారం తిరక్కముందే వాళ్ళను పట్టుకెళ్ళి పాత మఠంలో బంధించారు. ఆ పంచడం ఎన్నాళ్ళో సాగలేదు. ఐనా ఆ తాళాల మాట విన్న దగ్గర నుంచి నాకు మా ఇంటి మధ్య దర్వాజే కళ్ళ ముందుంది. మా నాయన కట్టిన ఇల్లు. మేం పంచుకొని మధ్యలో గోడ పెట్టాం. గోడలో ఒక దర్వాజ ఉంచాం, పిల్లలు అటూఇటూ తిరగడానికి. కేసు వేసిన రోజు దానికి తాళం వేసింది నేను.

బేరెట్స్‌విల్ దగ్గర కొండలో వీళ్ళు దాక్కొని ఆరాధన చేసుకున్నారని చెప్పే గుహ ఉంది. దానికోసం ఒక పూటంతా పెట్టుకున్నాం. బస్సు దిగి నడిస్తే దారంతా గడ్డకట్టిన మంచు. రెండుసార్లు జారాను. రెండోసారి మోకాలికి తగిలింది. “నాయనా, ఇంక చాలు, ఎండాకాలం మళ్ళ వద్దాం” అన్నాడు మావాడు. వెనక్కి తిరిగాం. ఆ మంచులో మెల్లగా దిగుతుంటే వాడికి డిర్క్ విల్లెమ్స్ కథ చెప్పాను. హాలెండ్ మనిషి. జైలు కిటికీలోంచి దిగి పారిపోతూ గడ్డకట్టిన నీళ్ళు దాటాడు. వెంటపడ్డవాడు మంచు పగిలి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. మళ్ళీ పట్టుబడ్డాడు. 1569 మే 16న ఆస్పెరెన్‌లో కాల్చేశారు. మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ నీళ్ళల్ల పడ్డోడు బతికిండా?” అని అడిగాడు. బతికాడు.

వీళ్ళందరూ ఇలాంటివాళ్ళేనా అంటే కాదు. 1534లో జర్మనీలోని మున్‌స్టర్ నగరాన్ని వీళ్ళలోనే కొందరు కత్తితో పట్టుకొని, దేవుని రాజ్యం పేరుతో చేయరాని పనులన్నీ చేశారు. ఆ నాయకుల శవాలు పెట్టిన ఇనుప బోనులు ఇప్పటికీ అక్కడి చర్చి గోపురానికి వేలాడుతున్నాయి. ఆ మచ్చ దాచకూడదు. దాని తర్వాతే మెన్నో సైమన్స్ అనే పాదిరి 1536లో తన పదవి వదిలి, చెదిరిపోయినవాళ్ళను కత్తి లేని దారిలో కూడగట్టాడు. మా చర్చి పేరు ఆయన పేరే.

ష్లైట్‌హైమ్‌కు వెళ్ళే బస్సులో జరిగింది చెప్పాలి. షాఫ్‌హౌజెన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. జర్మనీ సరిహద్దును ఆనుకున్న చిన్న ఊరు. మాన్జ్ చనిపోయిన ఏడు వారాలకు, 1527 ఫిబ్రవరి 24న ఇక్కడ కొందరు చేరి ఏడు అంశాలు ఒప్పుకున్నారు. వాటిని కూర్చిన మైకేల్ సాట్లర్ అంతకుముందు మఠంలో సన్యాసి. మే నెలలో రోటెన్‌బర్గ్‌లో ఆయన నాలుక కోసి, కాల్చి చంపారు. ఆయన భార్య మార్గరెతాను రెండ్రోజులకే నదిలో ముంచారు.

మావాడు ఫోన్లో ఆ ఏడు అంశాలు తీసి, ఒక్కొక్కటి తెలుగులో చెబుతూ వస్తున్నాడు. బాప్తిస్మం, రొట్టె విరవడం, కాపరులు. ఏడోది ఒట్టు గురించి. అది వినడానికే ఎదురుచూస్తున్నాను. ఆరోది కత్తి గురించి. అందులో సగానికొచ్చి ఆగిపోయాడు.

“ఏమైంది?”

“నాయనా, ఇది చదవాల్నా?”

“చదువు.”

లోకపు తగాదాల్లో క్రైస్తవుడు తీర్పు చెప్పొచ్చా అన్న ప్రశ్న అది. దానికి వాళ్ళ జవాబు: ఆస్తి గురించి అన్నదమ్ముల మధ్య తీర్పు చెప్పడానికి క్రీస్తు ఒప్పుకోలేదు, మనమూ అలాగే చేయాలి. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాడు వాళ్ళ బాబాయి ఒళ్ళో పెరిగినవాడు. ఊరొచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. పొలాల మీదంతా మంచు.

ఒట్టు గురించి వెతకాలనుకున్నది నాకు దొరికింది. తప్పెక్కడుందో మాత్రం ఒకడుగు ముందే దొరికింది. బోనులో ఏమన్నానన్నది తర్వాతి సంగతి, ఆ బోను దాకా ఎందుకొచ్చాను? ఒట్టు వద్దనుకుంటే మన చట్టంలోనే దారి ఉంది. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి ఒట్టుకు బదులు ధృవీకరణ ఇవ్వొచ్చు. క్వేకర్ల వంటి ఒట్టు పెట్టుకోని విశ్వాసులు ఇంగ్లండ్‌లో దెబ్బలు తిని సాధించుకున్న వెసులుబాటు అది, అక్కడి నుంచి మనకొచ్చింది. అడిగితే ఇచ్చేవాళ్ళే. నేను అడగలేదు. అన్నదమ్ముల సంగతికి మాత్రం ఏ సెక్షన్‌లోనూ దారి లేదు.

మా తాత గురించి చెప్పకుండా ఇది ముందుకు పోదు. ఆయన బాప్తిస్మం తీసుకున్నది మా ఊరి చెరువులో, 1930ల్లో. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో మన దేశానికి వచ్చి నల్గొండలో పనిచేశారు, పదేళ్ళకు అమెరికా మిషనరీలు హైదరాబాద్ వచ్చారు, ఆ వరసలో పాలమూరు పల్లెల దాకా వచ్చిన సువార్త అది. చెరువులోంచి పైకొచ్చాక తాత పోచమ్మ పండగకు డప్పు కొట్టనన్నాడు. పటేలు పిలిపించి, “దేవుడు మారితే మారిండు, డప్పెందుకు మానినవ్‌రా” అన్నాడట. ఆ ఏడు కల్లం దగ్గర తాతకు మేర పెట్టలేదు. నాయనమ్మ చెంచలాకు వండి పిల్లల్ని సాకింది. తాత వలసపోయి, మట్టిపని చేసి, పైసా పైసా కూడబెట్టి కొన్నదే ఆ రెండెకరాల ముప్పై గుంటలు. ఆయనకు గ్రెబెల్ ఎవరో, మాన్జ్ ఎవరో తెలియదు. వాళ్ళు తెలుసుకున్నది మాత్రం ఆయనకు తెలుసు. నీళ్ళలోంచి లేచాక మునుపటిలా బతకడం కుదరదు.

అందుకే ఆఖరి రోజు నది ఒడ్డుకు వెళ్ళాను. షిప్ఫే అనే చోట నీళ్ళ పక్కన ఒక పలక ఉంది. ఫెలిక్స్ మాన్జ్‌ను, మరో అయిదుగురు అనాబాప్టిస్టులను 1527కూ 1532కూ మధ్య ఇక్కడ నదిలో ముంచి చంపారని, ఆఖరున హాన్స్ లాండిస్‌ను 1614లో చంపారని రాసుంది. 2004లో ఆ పలక పెట్టిన రోజే జ్వింగ్లీ చర్చి వాళ్ళు జరిగింది తప్పని ఒప్పుకొని క్షమాపణ అడిగారు. ఐనా అదే స్విట్జర్లాండ్‌లో, కత్తి పట్టమంటూ సైన్యంలో చేరనన్నవాళ్ళను చాలాకాలం జైల్లో పెట్టేవాళ్ళు, బదులు సేవ చేసే దారి 1996లో గానీ రాలేదు.

నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు రాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి. హంస ఒకటి ప్రవాహానికి ఎదురీదుతోంది. మాన్జ్ చేతులు కట్టి, మోకాళ్ళ మీదుగా దించి, మోకాళ్ళ కిందుగా కర్ర దూర్చారు. పడవలో తీసుకొస్తుంటే వాళ్ళమ్మ, తోడబుట్టినవాడు ఒడ్డున నిలబడి, వెనక్కి తగ్గొద్దని చెప్పారు. ‘నీ చేతికి నా ఆత్మను అప్పగిస్తున్నాను’ అని లాటిన్‌లో పాడుతూ వెళ్ళాడు. నేను ఇన్నాళ్ళూ అతని గురించే చదివాను. ఆ మధ్యాహ్నం నా ధ్యాసంతా ఒడ్డున నిలబడ్డ ఆ తోడబుట్టినవాడి మీదే ఉంది. నేను గ్లవ్స్ తీసి నీళ్ళలో చెయ్యి పెట్టాను. వేళ్ళు మొద్దుబారిపోయాయి. మావాడు నా చెయ్యి తన కోటు జేబులో పెట్టుకొని నిలబడ్డాడు. అక్కడే ప్రార్థన చేసుకున్నాం.

ఊరికి వచ్చాక లాయర్‌తో మాట్లాడాను. కేసు వెనక్కి తీసుకుంటానని కాగితం పెట్టించాను. వాయిదా ఇంకా రాలేదు. మా తమ్ముడి తరఫు నుంచి ఇప్పటిదాకా ఏ కబురూ లేదు. సంఘ పెద్దల్ని పంపమన్నారు కొందరు, నేనే వద్దన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మధ్య దర్వాజ దగ్గరికి వెళ్ళాను. తాళం తుప్పుపట్టి చెవి తిరగలేదు. కిరోసిన్ వేశాను, ఐనా రాలేదు. సుత్తె తెచ్చి గొళ్ళెం మీద కొట్టాను. నాలుగో దెబ్బకు అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

“ఎవరు?” అంది మరదలు.

“నేనేనమ్మా. తమ్ముడున్నడా?”

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అవతలి గడియ తీస్తున్న శబ్దం వినిపించింది.